పది నిమిషాలు నోరు మూసుకున్న కథ

కాలువల శాఖలో కొత్తగా చేరిన పిల్లలు నరసరావుపేటలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకటే గోడు. "పని చెయ్యాలా సార్, ఈ ఆన్‌లైన్ కోర్సులు చెయ్యాలా? ప్రాజెక్టు లీడర్‌షిప్ అంట, కమ్యూనికేషన్ అంట. వీటివల్ల ఎవరికన్నా ఉపయోగం ఉందా?" అని. ఉందని నేనంటే ముసిముసిగా నవ్వుతారు. మా సర్కిల్ మొత్తం మీద ఆ కోర్సు తప్పినవాణ్ణి నేనొక్కణ్ణేనని ఎవరో వాళ్లకు ముందే చెప్పి పంపిస్తారు. తప్పిన మాట నిజమే. అదెలా తప్పానో నింపాదిగా చెబుతాను. తర్వాత నవ్వాలో వద్దో మీరే తేల్చుకోండి.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. నాకు బీపీ లేదు, షుగరు లేదు. అడ్డం మాట్లాడే జబ్బు మాత్రం ఉంది. ఎదుటివాడు నోరు తెరిస్తే చాలు, వాడేం చెప్పబోతున్నాడో నాకు తెలిసిపోయినట్టే ఉంటుంది. రైతు వచ్చి "సార్, మా తూము..." అనగానే "మీ తూముకేమయ్యా, బ్రహ్మాండంగా ఉంది" అనేసేవాణ్ణి. తూమంటే తెలుసుగా, కాలువ గట్టులోంచి పొలాల్లోకి నీళ్లు వెళ్లే దారి. ఆ రైతు చెప్పాలనుకున్నది తూము గురించో, తూము పక్కన పడిపోయిన బర్రె గురించో నాకు అనవసరం. సర్వీసు మొదట్లో దీన్ని చురుకుదనం అనుకున్నాను. సర్వీసు చివర్లో కూడా అలాగే అనుకున్నాను.

నా ఉద్యోగం మొదలైందీ ముగిసిందీ గురజాల వైపు ఒకే కాలువ మీద. కుర్రవాడిగా సెక్షన్ చూసే ఇంజనీరుగా వెళ్లాను. ఎక్కడెక్కడో తిరిగి, రిటైరవడానికి ఏడాది ముందు డీఈగా, సబ్ డివిజను మొత్తానికి పెద్దగా, మళ్లీ అక్కడికే వచ్చాను. కాలువ అదే, గట్టు మీద తుమ్మచెట్లు అవే. జుట్టు మాత్రం నాతో తిరిగి రాలేదు.

ఆ కాలువ మీద రెండు ఊళ్ల గొడవ ఉండేది. పైన ఒక ఊరు, కాలువ ఆఖర్న ఇంకో ఊరు. పై ఊరివాళ్లు కాలువ సిమెంటు లైనింగు పగలగొట్టి ఎక్కడికక్కడ దొంగ పైపులు దూర్చారు. వాటికి మూతల్లేవు, గేట్లు లేవు. రాత్రనక పగలనక పారుతూనే ఉంటాయి. ఆఖరి ఊరికి చేరేసరికి కాలువలో మిగిలేది తడి ఇసుక. ఆ ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవాడు. రెండెకరాల మిరప రైతు. నాలుగేళ్లుగా ఆయన చేలోకి కాలువ నీళ్లు రాలేదు. ఆ ఏడు నా మాట నమ్మి మిరప నారు పోశాడు. నారుకు ట్యాంకరు నీళ్లతో సరిపెట్టవచ్చు గాని, రెండెకరాలు నాటాలంటే కాలువ పారాల్సిందే. పొద్దున్నే మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని అరచేతిని నేలకు ఇంత ఎత్తున పెట్టి చూపించేవాడు.

"సారూ, నారు ఇంత అయింది. ఇంకో మూడు వారాలైతే ముదిరిపోద్ది. ఈ ఏడూ నీళ్లు రాకపోతే చేను కౌలుకిచ్చేసి నేనూ మా ఇంటామె కూలికి పోవాల్సిందే" అనేవాడు.

"వస్తాయయ్యా, వస్తాయి" అనేవాణ్ణి, ఆయన మాట పూర్తవక ముందే.

వేసవిలో కాలువ కట్టేసినప్పుడు లైనింగు మరమ్మతు మొదలైంది. ఆ పని సాగితే దొంగ పైపులన్నీ పీకేయాలి. సాగింది, పై ఊరి హద్దు దాకా. అక్కడ ఊరి ఆడవాళ్లు వచ్చి కాంక్రీటు కలిపే మిషను ముందు వరసగా కూర్చున్నారు. వాళ్లకు పెద్ద ఒకావిడ. నలభై ఐదు దాటి ఉంటాయి. మామగారు పోయాక వ్యవసాయమంతా ఆవిడదే. ఊళ్లో ఆవిడ మాటంటే మాటే. నేను వెళ్లి కాలువ చట్టం గురించి ఉపన్యాసం ఇచ్చాను. వాళ్లు విన్నారు, లేవలేదు. మర్నాడు ఇంకా గట్టిగా ఇచ్చాను. ఆ రోజు అన్నం క్యారేజీలు కూడా తెచ్చుకున్నారు. పని నెల రోజులు ఆగిపోయింది.

సరిగ్గా ఆ నెలలోనే పై నుంచి ఆర్డరు వచ్చింది. గెజిటెడ్ స్థాయి వాళ్లందరూ ప్రాజెక్టు నాయకత్వం, సంభాషణ అనే ఆన్‌లైన్ కోర్సు పూర్తి చెయ్యాలి. చెయ్యనివాళ్ల పేర్లు రివ్యూ మీటింగులో తెర మీద ఎర్ర రంగులో కనిపిస్తాయి. వచ్చే ఏడాది ఇంటికి పోయేవాడికి నాయకత్వం ఎందుకని అడిగాను. "నీకు కాదయ్యా, నీ పేరు పక్కన గడికి కావాలి" అన్నారు మా సర్కిల్ పెద్ద ఎస్ఈ గారు. ఆయన మంచివారు, నిజమే చెప్పారు.

మా సబ్ డివిజన్లో నా కింద సెక్షన్ చూసే ఒక ఏఈ అమ్మాయి ఉండేది. చేరి మూడేళ్లు. నా ఫోన్లో ఆ కోర్సు ఎక్కించింది ఆ అమ్మాయే. ఆఫీసులో నెట్‌వర్క్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో చెప్పలేం. నిలకడగా వచ్చేది ఒక్క చోటే, మా కాలువ మొదట్లో గేట్లు తిప్పే ప్లాట్‌ఫారం మీద. అందుకని నా చదువు అక్కడ సాగింది. గేటు చక్రానికి ఫోను ఆనించి, నేను సిమెంటు దిమ్మ మీద కూర్చునేవాణ్ణి. పక్కన మా లస్కరు. లస్కరంటే కాలువ కాపలా చూసుకుంటూ గేట్లు ఎత్తీ దించే మనిషి. పిడుగురాళ్ల సాయిబుల కుటుంబం. నాకంటే రెండేళ్లు చిన్న. ఊళ్లవాళ్లందరికీ భాయ్. గేటు ఎన్ని చుట్లు తిప్పితే ఎంత నీరు వస్తుందో పుస్తకం చూడకుండా చెప్పేవాడు.

వీడియోలో ఒక పెద్దమనిషి కోటు వేసుకుని ఇంగ్లీషులో చెబుతుండేవాడు. నేను ముందుకు జరిపేస్తుంటే లస్కరు ఊరుకునేవాడు కాదు. "ఏంది సార్, ఆయన చెప్పేది ఆయన్ని చెప్పనియ్యకుండా నూకేస్తన్నారు? నాకన్నా చెప్పండి ఏమంటన్నాడో" అనేవాడు. సరేనని తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. పని వల్ల లాభపడేవాళ్లను, నష్టపోయేవాళ్లను ముందే కూర్చోబెట్టి మాట్లాడాలట. ఎదుటివాళ్లు ఆగినప్పుడు మనం తొందరపడి ఆ ఖాళీ నింపకూడదట. మనిషి మొదట చెప్పేది కోపమట, అసలు సంగతి దాని వెనకాల వస్తుందట.

లస్కరు గడ్డం గోక్కున్నాడు. "మంచిగానే చెప్తన్నాడు సార్. ఈ మాట ఆయన మనకాడికొచ్చి ముప్పయ్యేళ్ల కిందట చెప్పాల్సింది" అన్నాడు. అందులో నాకు చురక ఉందని నాకప్పుడు తట్టలేదు.

చిన్న చిన్న పరీక్షలన్నీ గట్టెక్కాను. ఆఖరి పరీక్ష దగ్గర గొడవ వచ్చింది. మీ పనితో సంబంధం ఉన్నవాళ్లతో నిజమైన సమావేశం పెట్టి, పది నిమిషాలు వాళ్లు చెప్పింది వినాలి. మధ్యలో అడ్డం రాకూడదు. అదంతా ఒకే ముక్కగా వీడియో తీసి పంపాలి. మధ్యలో మీ గొంతు వినిపిస్తే మళ్లీ మొదటికే.

ఏఈ అమ్మాయి ముందు ఇంట్లో సాధన చెయ్యమంది. మా ఆవిణ్ణి కూర్చోబెట్టి, రోజంతా ఏం చేసిందో చెప్పమన్నాను. "పొద్దున పాలవాడు..." అంది. "నీళ్లు కలుపుతున్నాడా?" అన్నాను. అమ్మాయి ఫోను చూసి నాలుగో సెకను అని చెప్పింది. రెండోసారి పదకొండు సెకన్లు వచ్చింది. మూడోసారి మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళుతూ, "ముప్పై రెండేళ్లు నేను వినగా లేంది, పది నిమిషాలు మీరు వినలేరా?" అంది. అమ్మాయి ముఖం పక్కకు తిప్పుకుని నవ్వుకుంది.

చివరికి మందు చెప్పింది లస్కరే. జేబులోంచి ఉసిరికాయంత వక్క తీసి చేతిలో పెట్టాడు. "ఇది బుగ్గన పెట్టుకోండి సార్. నమలమాకండి, మింగమాకండి. మాట్లాడాలంటే ఊసెయ్యాలి. అందరి ముందూ ఊసేది మీకు నామోషీ గదా, అందుకని ఊరుకుంటారు" అన్నాడు. ముప్పై ఏళ్ల కిందటి నుంచీ నన్నెరిగినవాడు, నా నామోషీ ఎంత బలమైందో నాకంటే బాగా తెలుసు.

నీళ్లు వదలడానికి ఇక పన్నెండు రోజులు ఉందనగా, ఒక ఆదివారం పొద్దున పై ఊరి తూము దగ్గర సమావేశం పెట్టాం. చర్చి అయ్యాక ఆడవాళ్లు అటునుంచి అటే వచ్చారు, తెల్ల చీరల్లో, చేతుల్లో బైబిళ్లతో. మగవాళ్లు గట్టు మీద నిలబడ్డారు. ఆఖరి ఊరి పెద్దాయన కూడా వచ్చి దూరంగా తుమ్మచెట్టు నీడలో గొంతుక్కూర్చున్నాడు. ఆయన పై ఊరివాళ్లతో మాట్లాడి చానా ఏళ్లయింది. ఏఈ అమ్మాయి సిమెంటు బస్తాల మీద ఫోను నిలబెట్టి, "సార్ ఇవాళ మీరు చెప్పేది పది నిమిషాలు వింటారు. చెప్పండమ్మా" అంది. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను వక్క బుగ్గన పెట్టుకున్నాను.

ఆవిడ లేచింది. బైబిలు పక్కావిడ చేతికిచ్చింది.

"ఏం చెప్పమంటారు సార్? మమ్మల్ని దొంగలన్నారు గదా. బోర్డు మీద రాయించారు గదా, నీటి చౌర్యం అని" అంటూ మొదలుపెట్టి దులిపేసింది. నేను వచ్చిన దగ్గర్నుంచి చేసినవన్నీ వరసగా చెప్పింది. అందులో ఒక విచిత్రం గమనించాను. ఆవిడ కొన్ని చోట్ల ఆగుతోంది. ఆగి నావైపు చూస్తోంది. మొదట్లో ఎందుకో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, నేను అడ్డం వచ్చే చోట్లవి. అలవాటుగా నాకోసం ఖాళీ వదులుతోంది. నేను రావడం లేదు. వక్క బుగ్గలో తిరుగుతోంది. ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంటే ఆవిడకూ ఇబ్బందిగానే ఉంది, నాకైతే చెమటలు పడుతున్నాయి.

నాలుగైదు నిమిషాలకు తిట్లు అయిపోయాయి. ఎండిన కాలువలో మేక ఒకటి అరిచింది. నా నాలిక మీద నాలుగు సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. లస్కరు నావైపు చూసి తన బుగ్గ మీద వేలు పెట్టుకున్నాడు. ఊరుకున్నాను.

అప్పుడు ఆవిడ గొంతు తగ్గించి, నాకు కాకుండా తూముకు చెబుతున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది.

"మేం పైపులు పెట్టింది సరదాకా సార్? ఈ తూములోకి నీళ్లెక్కవు. కాలవ నిండుగా పారితే ఎక్కుతయ్యి. కాస్త తగ్గిందంటే నీళ్లు కింద నుంచి పోతా ఉంటయ్యి, తూము నోరెండిపోయి చూస్తా ఉంటది. కట్టడమే జానెడు ఎత్తున కట్టారు. అది కట్టిన రోజు నేనిక్కడే ఉన్నా. కొత్తగా కాపరానికొచ్చా. మా మామకి అన్నం తెచ్చా. ఇక్కడ ఒక కుర్ర ఇంజనీరు మూడు కాళ్ల మిషను పెట్టి, అదిగో ఆ వంతెన పక్కన రాయి మీద కర్ర నిలబెట్టించి చూస్తన్నాడు. మా మామ దగ్గరికి పోయి, 'అయ్యా, ఆ రాయి...' అన్నాడు. అంతే, ఆ సారు ఇంతెత్తున లేచాడు. 'మిషనుకంటే నీకెక్కువ తెలుసా? పక్కకి జరుగు' అన్నాడు. మా మామ మళ్లీ, 'అది కాదయ్యా, ఆ రాయి...' అన్నాడు. 'జరుగు' అన్నాడు. మా మామ జరిగాడు."

ఇక్కడ మీకు ఒక్క మాట చెప్పాలి. ఎత్తులు కొలవడానికి మా శాఖవాళ్లు కాలువ వెంట రాళ్లు పాతి, వాటి మీద అంకెలు వేస్తారు. ఆ రాయి ఎత్తు మాకు రికార్డులో ఉంటుంది. దాన్ని బట్టి మిగతా కట్టడాల ఎత్తు లెక్కేసుకుంటాం. రాయి కదిలిందంటే లెక్క మొత్తం కదిలినట్టే.

"ఆ రాయి ముందేడు ట్రాక్టరు తగిలి పడిపోయింది సార్" అంది ఆవిడ. "సర్కారు రాయి కిందపడి ఉంటే కేసు పెడతారేమోనని మా మామోళ్లే భయపడి, కింద జానెడు దిమ్మ కట్టి, దాని మీద మళ్లీ నిలబెట్టారు. మర్యాదగా సున్నం కూడా వేశారు. మా మామ చెప్పబోయింది అదే. తర్వాత వచ్చిన ఇద్దరు సార్లకి కూడా చెప్పాడు. రికార్డు ప్రకారం అంతా కరెక్టే అన్నారంట. ఇంకెవరికి చెప్పాలి? పైపులు పెట్టుకున్నాం."

నా నెత్తి వైపు చూసి, "ఆ కుర్ర ఇంజనీరుకి అప్పుడు జుట్టు చానా ఒత్తుగా ఉండేది సార్" అంది.

పది నిమిషాలు అయ్యాయో లేదో నాకు తెలియదు. అయ్యాయని ఏఈ అమ్మాయి తర్వాత చెప్పింది. వక్క ఊసేశాను. నామోషీ గుర్తుకు రాలేదు.

"ఆ ఇంజనీరును నేనే" అన్నాను.

"తెలుసు సార్."

"తెలిస్తే నేను వచ్చి ఇన్ని నెలలైంది, ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పనిచ్చారా?" అంది.

గట్టు మీద జనం మొత్తం నవ్వారు. మా లస్కరు కూడా నవ్వాడు, వాణ్ణి తర్వాత చూసుకుందామనుకున్నాను. ఆవిడ కూడా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గాని, కళ్లు సహకరించలేదు. ఆ రోజు ఎండలో తల మీద తువ్వాలు వేసుకున్న ఒక రైతు రెండు సార్లు నా దగ్గరికి రావడం నాకు లీలగా గుర్తొచ్చింది. ఆయన ముఖం మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆయన పోయి ఆరేళ్లయిందట. ఆయనకు చెప్పాల్సిన క్షమాపణ కోడలికి చెప్పాను. ఆవిడ తల ఊపి, "ముందు తూము సంగతి చూడండి సార్" అంది.

ఏఈ అమ్మాయి అప్పటికే జీపులోంచి లెవెల్ మిషను దింపుతోంది. ఈ రాయిని వదిలేసి, రెండు కిలోమీటర్ల దిగువన ఇంకో వంతెన దగ్గర ఎవరూ ముట్టుకోని రాయి నుంచి కొలుచుకుంటూ వచ్చింది. మధ్యాహ్నానికి లెక్క తేలింది. తూము గడప, అంటే నీళ్లు దాటి లోపలికి వెళ్లే అడుగు దిమ్మ, ఉండాల్సిన దానికంటే పద్దెనిమిది సెంటీమీటర్లు ఎత్తున ఉంది. ఆవిడ చెప్పిన జానెడుకు రెండు వేళ్లు తక్కువ. ఇన్నేళ్లుగా ఆ ఊరివాళ్లను దొంగలని రాసిన కాగితాలన్నీ మా ఆఫీసు బీరువాలో ఉన్నాయి. వాటిలో ఈ ఏడాదివన్నీ నా సంతకంతోనే ఉన్నాయి.

మర్నాడు ఎస్ఈ గారికి నోటు రాశాను. కాంట్రాక్టరు తప్పు, రాయి తప్పు, ట్రాక్టరు తప్పు అని రాసే దారి ఉంది. కలం రెండుసార్లు అటు పోయింది కూడా. చివరికి, తప్పు అప్పటి సెక్షన్ అధికారిది, ఆ అధికారిని నేనే అని రాశాను. ఎస్ఈ గారు ఫోను చేశారు. "తన మీద తనే రిపోర్టు రాసుకున్నవాణ్ణి నా సర్వీసులో చూళ్లేదయ్యా. తూము ఎత్తు మారుస్తున్నావు గదా, పై అనుమతి వచ్చేసరికి సీజను అయిపోతుంది, ఏం చేస్తావ్?" అన్నారు. "మార్చడం లేదండీ. రికార్డులో ఎంతుందో అంతకే తెస్తున్నాను" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. నేనూ ఆ ఖాళీ నింపలేదు. "కానివ్వు" అన్నారు.

తప్పుకు సంజాయిషీ మాత్రం తప్పలేదు. అప్పటి సెక్షన్ అధికారి వివరణ తీసుకుని, సంబంధిత డీఈ పరిశీలించి పంపవలసిందని మెమో వచ్చింది. సంబంధిత డీఈనీ నేనే. కనుక నాకు నేను మెమో ఇచ్చుకుని, అందినట్టు సంతకం పెట్టి, నా వివరణ నేనే చదివి, సంతృప్తికరంగా లేదని రాసి పంపించాను. మందలింపుతో సరిపెట్టారు.

గడప పగలగొట్టే రోజు జరిగింది నేను ఊహించనిది. కాంట్రాక్టరు మనుషులు మళ్లీ మొదలైన లైనింగు పని మీద ఉన్నారు, చేతులు చాలడం లేదు. పొద్దున ఏడింటికల్లా ఆఖరి ఊరి నుంచి ఒక ట్రక్కు ఆటో వచ్చి ఆగింది. అందులోంచి గునపాలతో ఎనిమిది మంది దిగారు. ముందు మా మిరప పెద్దాయన. పై ఊరివాళ్లు గట్టు మీద నిలబడి చూస్తున్నారు. ఆయన ఆవిడ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మాయ్, ఇన్నాళ్లూ మిమ్మల్ని నానా మాటలూ అన్నాం. మీకు నీళ్లెక్కవని మాకేం తెలుసు?" అన్నాడు.

"మీ నీళ్లు మేం తాగాం గదా బాబాయ్. ఆ కోపం మీకుండదా?" అంది ఆవిడ. "ముందు టీ తాగండి."

మధ్యాహ్నానికి పాత గడప ముక్కలైంది. సాయంత్రం కొత్తది వేశాం. ఎత్తు ఈసారి మూడుసార్లు కొలిచాం. మూడోసారి ఆవిణ్ణి కూడా మిషనులోంచి చూడమన్నాను. చూసి, "అంతా తలకిందులుగా కనపడతందేంది సార్, ఇందుకేనా అట్టా కట్టారు?" అంది. ఆ పాత మిషనులో అలాగే కనపడుతుందని చెప్పబోయి, నవ్వుతున్న వాళ్లను నవ్వనిద్దామని ఊరుకున్నాను. మర్నాటి నుంచి పై ఊరివాళ్లే దొంగ పైపులు పీకి గట్టు మీద పడేశారు. ఆ కన్నాలు పూడుస్తూ లైనింగు పూర్తి చేసేసరికి నీళ్లకు ఇంకా ఒక రోజు మిగిలింది.

ఈలోగా వీడియో పంపించాం. కాలువకు నీళ్లు వదిలిన మూడో రోజున, సర్కిల్ ఆఫీసులో రివ్యూ మీటింగు. హాలు నిండా ఇంజనీర్లు. తెర మీద పేర్లన్నీ పచ్చగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఎస్ఈ గారు కళ్లజోడు సర్దుకుని నా పేరు ఎదురుగా ఉన్న వ్యాఖ్య చదివారు. సమావేశంలో నాయకుడు తగినంతగా పాల్గొనలేదు, తన అభిప్రాయాలను స్పష్టంగా తెలియజేయలేదు, ఉత్తీర్ణత ఇవ్వలేకపోతున్నాం.

హాలు గొల్లుమంది. నన్నెరిగిన వాళ్లైతే బల్లలు కొట్టారు. "ఈయన మాట్లాడలేదని తప్పించారా?" అని ఒకాయన కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. "మళ్లీ వీడియో పంపించుకోవచ్చు, అవకాశం ఉంది" అన్నారు ఎస్ఈ గారు నవ్వాపుకుంటూ. వద్దన్నాను. ఆ ఎర్ర రంగు నేను రిటైరయ్యేదాకా అలాగే ఉంది. నాకు బాగానే ఉంది.

ఆ నవ్వుల మధ్యలోనే జేబులో ఫోను మోగింది. మీటింగులో ఎత్తకూడదు. పొద్దుట్నుంచీ ఆ ఫోను కోసమే చూస్తున్నాను కనుక ఎత్తాను. ఆఖరి ఊరి పెద్దాయన.

"సారూ, మీరేం మాట్లాడమాకండి. వినండి" అన్నాడు.

తర్వాత ఆయన కూడా మాట్లాడలేదు. మొదట గాలి చప్పుడు. ఎవరో ఆడమనిషి, "ఇటు, ఇటు తిప్పు" అంటోంది, వాళ్లింటావిడై ఉంటుంది. గట్టు మీద పార దెబ్బ రెండుసార్లు పడింది. ఆ తర్వాత వచ్చింది, చేలోకి పోయే ఎండిన బోదెలోకి నీళ్లు దూకి గడగడమంటూ పరిగెత్తే చప్పుడు. ఫోను నీళ్లకు ఆనించి పట్టుకున్నట్టున్నాడు.

లేచి నిలబడ్డాను. హాలు కూడా మెల్లగా సద్దుమణిగింది. ఎవరి ఫోనో, ఏం జరుగుతోందో అని అందరూ నావైపే చూస్తున్నారు. ఎస్ఈ గారు చేత్తో ఏమిటని అడిగారు. ఆయనకు వేలు చూపించి ఆగమన్నాను. ఎంతసేపు విన్నానో తెలియదు. నోట్లో వక్క లేదు.